ఫౌంటెన్‌కో నీరుగంటి

2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఒక ఆదేశం ఇచ్చింది. కార్లు కడగడానికి, తోటలు తడపడానికి, కట్టడాల పనులకు, రోడ్ల పనులకు, ఫౌంటెన్లకు తాగునీరు వాడకూడదు. వాడితే 5,000 రూపాయల జరిమానా. అదే తప్పు మళ్లీ చేస్తే రోజుకు మరో 500. నగరంలో బోర్లు ఎండిపోయి, అపార్ట్‌మెంట్ల జనం ట్యాంకరు కోసం కాచుకుని కూర్చున్న రోజులవి. మరుసటి ఏడాది వేసవి ముదరకముందే, ఫిబ్రవరిలో, అలాంటి ఆదేశమే మళ్లీ వచ్చింది.

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఉన్న తిరుమణి లాంటి ఊళ్లో ఈ వార్త వింటే ముందు వచ్చే మాట "మంచి పని చేసినారు" అనే. అక్కడ ఏడాది వాన 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బోరు వేస్తే ఎన్ని వందల అడుగులకు నీళ్లు పడతాయో, పడినా ఎన్నాళ్లు పోస్తుందో ఎవరూ చెప్పలేరు. పడిన నీళ్లలోనూ ఫ్లోరైడ్. తాగాలంటే శుద్ధి కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడాలి. అలాంటి ఊరి మనిషికి నీళ్లను గాలిలోకి ఎగజిమ్మి వేడుక చూడటం దండగగానే తోస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా నేను చెప్పదలచింది వేరు. బాగా చూసుకునే ఫౌంటెన్‌కు పట్టే నీళ్లు మనం అనుకునేదానికంటే తక్కువ. గాలికి వదిలేసిన ఫౌంటెన్ చేసే నష్టం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

ఈ పుస్తకంలో ఇంతవరకు పని మొదలుపెట్టడం గురించీ, మొదలుపెట్టినదాన్ని పూర్తిచేయడం గురించీ మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం ఆ తర్వాతి రోజు గురించి. భర్తృహరి నీతి పద్యాలను ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు. వాటిలో ఒకటి మనందరం బడిలో చదివిందే. అడ్డంకులకు జంకి మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి నడుమ వదిలేసేవాళ్లు, ఏమొచ్చినా పూర్తిచేసేవాళ్లు అని అందులో మూడు రకాల మనుషులు ఉంటారు. మన కాలంలో నాలుగో రకం బాగా పెరిగింది. ఘనంగా పూర్తిచేసి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి, మర్నాటి నుంచి అటు తొంగిచూడనివాళ్లు. ఆ నాలుగో రకం బుద్ధి నలుగురి కళ్లముందూ బయటపడే చోటు పార్కులోని ఫౌంటెన్. అందుకే నిర్వహణ అనే గుణాన్ని నేర్చుకోవడానికి నేను దాన్ని ఎంచుకున్నాను.

తిరుమణి వాళ్లకు ఈ గుణం కొత్తది కాదు. ఊరి చుట్టూ ఉన్న సోలార్ పార్కే సాక్ష్యం. తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామాల్లో 13,000 ఎకరాల్లో పరుచుకున్న 2,050 మెగావాట్ల పార్కు అది. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు. ఆ రోజు వచ్చిన జనం ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పలకల మీది దుమ్ము తుడిచేవాళ్లే ఆ పార్కును నిలబెడుతున్నారు. దుమ్ము పట్టిన పలక ఎంత ఎండ కాసినా కరెంటు తక్కువే ఇస్తుంది. ఈ సంగతి ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు.

అంతకంటే పాత సాక్ష్యం నీరుగంటి. రాయలసీమలో, తుమకూరు, కోలారు వైపు చెరువు కింద ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి, ఇంకా చెబుతారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, వానాకాలం రాత్రి కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోంది అన్నవి చూసుకోవడం ఆయన పని. పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లంలోనే ఆయన మేర ఆయనకు కొలిచి ఇచ్చేవాళ్లు. చెరువు మరమ్మతు చూసుకునేవాళ్లకు దశబంధం ఇనాములని మాన్యాలు ఉండేవి. అంటే చెరువు తవ్వినరోజే దాన్ని కాపాడే మనిషినీ, ఆ మనిషి తిండినీ ఆలోచించి పెట్టారు. ఊళ్లో ఎవరిని అడిగినా నీరుగంటి పేరు చెప్పగలిగేవారు. మీ పార్కులోని ఫౌంటెన్‌ను చూసుకునే మనిషి పేరు మీలో ఎంతమంది చెప్పగలరు?

కట్టకముందే లెక్కపెట్టిన దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని. ఆ శాసనం రాజును పొగిడి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నడుమ మిట్ట ఉండటం, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు కొంచెం కావడం.

ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ జాబితాను నేటి పార్కు ఫౌంటెన్ పక్కన పెట్టి చూడండి. మూడో దోషం దగ్గర ఆగండి. రెండు రాజ్యాల సరిహద్దున ఉన్న చెరువును ఎవరూ బాగుచేయరు, నీళ్ల కోసం మాత్రం ఇద్దరూ కొట్టుకుంటారు. మన ఫౌంటెన్లలో చాలావాటి చావు ఇక్కడే రాసిపెట్టి ఉంటుంది. చుట్టూ ఉన్న మొక్కలు ఉద్యానశాఖవి. మోటారు, దీపాలు ఇంజినీరింగ్ విభాగానివి. నీళ్లు మరొకరివి. కట్టిన కాంట్రాక్టరు గడువు అయిపోయి వెళ్లిపోయాడు. జల్లెడలో ఆకు అడ్డంపడితే అది ఎవరి పని? మాలికి అది కనిపిస్తుంది, కానీ మోటారు గది తాళం ఆయన దగ్గర ఉండదు. తాళం ఉన్నవాడికి ఆకు కనిపించదు. ఇద్దరూ మంచివాళ్లే, పని తెలిసినవాళ్లే, ఫౌంటెన్ మాత్రం ఆగిపోతుంది.

కాబట్టి కాలనీ సంఘంలోనో, బడిలోనో, గుడి దగ్గరో ఫౌంటెన్ పెడదామన్న మాట వచ్చినప్పుడు డిజైన్ చూడకముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే. తాళం ఎవరి దగ్గర ఉంటుంది? తాళం, చీపురు, ఖర్చు రాసే పుస్తకం ఒకే మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషికి నెలనెలా ఇచ్చేది కాగితం మీద ముందే రాసి ఉండాలి. అది కుదరకపోతే కట్టవద్దని చెప్పండి. "వద్దు" అనడం కూడా నిర్వహణలో భాగమే.

ఇంతకీ ఫౌంటెన్ ఎందుకు

అందానికి అనేస్తారు చాలామంది. అందం చిన్న కారణమేమీ కాదు. అయితే దాంతోపాటు మూడు పనులు జరుగుతాయి.

మొదటిది చల్లదనం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ కరెంటుకు సమానం. రోజుకు 100 లీటర్లు ఆవిరైతే చుట్టూ ఉన్న వేడిలోంచి 67 యూనిట్ల మేర అది లాక్కున్నట్టు. ఆ ధారను నడిపే అర హార్స్‌పవర్ మోటారు మూడు గంటల్లో తినేది ఒక యూనిట్ పైచిలుకు మాత్రమే. అయితే ఆరుబయట ఆ చల్లదనం గాలికి కొట్టుకుపోతుంది. తొట్టికి గాలి వాలున కొన్ని అడుగుల దూరంలో కూర్చున్నవాళ్లకే అది తెలుస్తుంది. బెంచీ వేసేటప్పుడు ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇంకో మాట. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ ఉపాయం అంత బాగా పనిచేస్తుంది. విశాఖపట్నం ఉక్కపోతలో ఫౌంటెన్ పక్కన కూర్చుంటే ఒంటికి పెద్దగా ఏమీ తెలియదు. పావగడ, అనంతపురం, కర్నూలు ఎండలో బాగా తెలుస్తుంది. ఎక్కడ నీళ్లు లేవో అక్కడే ఫౌంటెన్ ఎక్కువ మేలు చేస్తుంది. ఈ చిక్కుముడిని లెక్కతో విప్పాలి తప్ప కోపంతో తెంచకూడదు.

రెండోది శబ్దం. నడిరోడ్డు పక్కన పార్కులో హారన్ల మోతను ఆపలేం. నీళ్లమీద నీళ్లు పడే చప్పుడు చెవికి దగ్గరగా ఉంటే ఆ మోత వెనక్కి పోతుంది. దీనికి ఇరవై అడుగుల ధార అక్కర్లేదు. మోకాలెత్తు నుంచి పడినా చాలు. ఎత్తు చూసేవాళ్ల కోసం, చప్పుడు కూర్చునేవాళ్ల కోసం. పార్కుకు రోజూ వచ్చేవాళ్లు కూర్చునేవాళ్లే కాబట్టి వాళ్ల పక్షాన నిలబడతాను.

మూడోది పక్షులు, తేనెటీగలు. మే నెల మధ్యాహ్నం తొట్టి అంచున లోతులేని చోటు ఉంటే పిచ్చుకలు, గోరింకలు, తేనెటీగలు ఎలా చేరతాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గోడలు నిటారుగా ఉన్న తొట్టిలో అవి దిగలేవు, దిగితే మునుగుతాయి. ఒక మూల నాలుగు బండరాళ్లు నీటిమట్టానికి కాస్త పైకి ఉండేలా పేర్చండి. ఖర్చు సున్నా.

నీళ్ల లెక్క

నాలుగు మీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టి తీసుకోండి. పైన కనిపించే నీటి వైశాల్యం పన్నెండున్నర చదరపు మీటర్లు. మన వైపు ఎండాకాలం రోజుకు ఎనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకుంటే అది 100 లీటర్లు. ఐదు క్యాన్ల నీళ్లు. ఇది తప్పించుకోలేని ఖర్చు, ఆ చల్లదనానికి కట్టే ధర. దీనికి మించి వృథాగా పోయేదంతా మన అజాగ్రత్తే.

అజాగ్రత్తకు రెండు దారులు. ఒకటి గాలి. నాజిల్ నుంచి తొట్టి అంచుకు ఎంత దూరముందో, ధార అంతకంటే ఎత్తు లేవకూడదు. గాలి తోలే చోట అందులో సగమే. పక్కనే అనంతపురం వైపు రామగిరిలో గాలిమరలు పెట్టారంటే ఈ సీమ గాలి ఎలాంటిదో తెలుస్తుంది. ఆషాఢం గాలికి పదడుగుల ధార లేపితే నీళ్లు తొట్టిలో పడవు, దారిలో పడతాయి. అక్కడ పాచి పడుతుంది, ఎవరో ముసలాయన జారిపడతారు. గాలి ఎక్కువున్న పూట వాల్వు సగం కట్టేసే మనిషి ఉంటే ఈ బాధ లేదు.

రెండో దారి చీలిక. తొట్టిలో నీరు తగ్గుతుంటే ఎండకు పోతోందా, పగులులోంచి పోతోందా అన్నది ఎలా తెలుస్తుంది? ఒక బకెట్టు నిండా నీళ్లు పోసి తొట్టిలోనే, మెట్టు మీద, మునిగిపోకుండా పెట్టండి. బకెట్టులో నీటిమట్టం దగ్గర ఒక గీత, తొట్టి గోడమీద ఒక గీత. మోటారు ఆపి ఒక రోజు వదిలేయండి. రెండింటిలో తగ్గింది సమానమైతే ఎండ పని. తొట్టిలో ఎక్కువ తగ్గితే చీలిక ఉన్నట్టు. ఇంజినీరు అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పరీక్ష. ఆ పిల్లలతోనే చేయించండి.

తాగునీరు వాడకూడదన్నప్పుడు మరి ఏ నీళ్లు? వాననీళ్లు మేలు. చెట్లకైతే శుద్ధిచేసిన మురుగునీరు ఎంచక్కా వాడొచ్చు. 2018 నుంచి బెంగళూరు శుద్ధిచేసిన నీరే కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద కోలారు చెరువులకు వెళ్తోంది. కానీ పిల్లలు చేతులు పెట్టే, తుంపర ముఖం మీద పడే ఫౌంటెన్‌లోకి ఆ నీరు తేవాలంటే చివరి దశ వడపోత, క్లోరిన్ రెండూ పక్కాగా జరగాలి. జరుగుతున్నాయని రోజూ పరీక్షించే ఏర్పాటు లేకపోతే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది. తాగునీటి శుద్ధి కేంద్రం వదిలేసే నీళ్లు వాడదామని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలోనే ఉంటుంది. వారం తిరగకుండానే నాజిళ్లకు తెల్లటి పొర కట్టేస్తుంది.

నాజిల్‌ను చేతిలోకి తీసుకుంటే

ఆ తెల్లపొరను ఒక్కసారి దగ్గర నుంచి చూద్దాం. ధార వంకరగా లేస్తోందంటే, నాలుగు పాయలుగా చీలుతోందంటే మోటారును తిట్టకండి. కరెంటు ఆపి, నాజిల్ మర విప్పండి. లోపల అన్నం గిన్నె అడుగున గంజి ఎండినట్టు తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంటుంది. అది సున్నం, మన బోరు నీళ్లు వదిలిన గుర్తు. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు ఆవిరి కాదు. తగ్గినంత మళ్లీ పోస్తూ పోతే నీళ్లు మునుపటిలాగే కనిపిస్తాయి కానీ ఉప్పు రోజురోజుకూ చిక్కబడుతుంది.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు ఒక మగ్గు వేడినీళ్లలో కలిపి నాజిల్‌ను రాత్రంతా నానబెట్టండి. తెల్లారి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ఊడి వచ్చేస్తుంది. గట్టిగా ఉంటే మరో రాత్రి. తొందరపడి బాత్‌రూం కడిగే యాసిడ్ పోయకండి, ఇత్తడిని తినేస్తుంది, తొట్టి రాయినీ తినేస్తుంది. ఇనుప చువ్వతో పొడవకండి, రంధ్రం ఒక్క పిసరు పెద్దదైనా ధార ఎత్తు పడిపోతుంది. ఇక ఉప్పు చిక్కబడకుండా ఉండాలంటే వారానికోసారి నాలుగో వంతు పాతనీళ్లు తీసి వేపచెట్లకో కానుగ చెట్లకో వదిలి, కొత్తనీళ్లు పోయాలి. ఆ నీళ్లు వృథా కాలేదు, చెట్టు తాగింది.

మోటారు విషయంలో చెప్పాల్సింది కొంచెమే, కానీ ప్రాణాలతో కూడింది. మోటారుకు నీళ్లు అందకపోతే కాలిపోతుంది. నీరు తగ్గగానే తనంతట తాను ఆగే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. నీళ్లలోని దీపాలు 12 వోల్టులవే ఉండాలి. లీకేజీ రాగానే కరెంటు కొట్టేసే 30 మిల్లీఆంపియర్ల బ్రేకరు తప్పకుండా ఉండాలి. మెయిన్ ఆపకుండా ఎవరూ తొట్టిలో కాలు పెట్టకూడదు. ఈ చివరి మూడింట్లో ఒకటి లేదని తెలిస్తే ఆ పార్కులో ఫౌంటెన్ ఆ పూటే ఆపించండి, మొహమాటపడకండి.

ఆగిన నీళ్లు

మలేరియా దోమ ద్వారా వస్తుందన్న సంగతికి కీలకమైన ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. నగరాల్లో మలేరియా మోసే దోమ తొట్లు, బావులు, ఫౌంటెన్లలాంటి చోట్ల గుడ్లు పెడుతుంది. డెంగీ దోమకూ నిలిచిన మంచినీళ్లే కావాలి. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు. అందుకే ఆంధ్ర, తెలంగాణల్లో వారానికోసారి డ్రైడే పాటించమని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి చెబుతారు. ఇంట్లో కూలర్ నీళ్లు పారబోస్తాం. పార్కులో ఆగిపోయిన ఫౌంటెన్ తొట్టి మాత్రం ఎవరి ఇల్లూ కాదు. కదిలే నీటిలో దోమ పెరగదు. ఆగిన నీటిలో పెరుగుతుంది. నడిచే ఫౌంటెన్ వల్ల నీళ్లు దండగని వాదించేవాళ్లు కూడా ఆగిన ఫౌంటెన్ వల్ల జ్వరాలు వస్తాయని ఒప్పుకోవాలి.

పాచికి, క్రిములకు బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు నాలుగైదు గ్రాములు చాలు. చేపలు వదిలే పద్ధతీ ఉంది. గంబూసియా, గప్పీ చేపలు దోమ పిల్లల్ని తింటాయి. కానీ చేపలున్న తొట్టిలో బ్లీచింగ్ వేస్తే చేపలు చస్తాయి. రెండింట్లో ఒకటి ఎంచుకుని, ఏది ఎంచుకున్నారో మోటారు గది తలుపుమీద పెద్ద అక్షరాలతో రాయండి. మనిషి మారినా పద్ధతి మారదు.

తుంపర ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరి జబ్బు చేసే లెజియొనెల్లా అనే క్రిమి ఒకటుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లకు సోకి తొలిసారి బయటపడింది. అలంకార ఫౌంటెన్ల నుంచి అది సోకిన ఉదంతాలు కూడా తర్వాత నమోదయ్యాయి. గోరువెచ్చని నీళ్లలో, పాచి పొరలో ఆ క్రిమి పెరుగుతుంది. నెలల తరబడి ఆగిన ఫౌంటెన్‌ను పండుగ పూట ఉన్నపళంగా తిప్పడం అందుకే ప్రమాదం. పాతనీళ్లు పూర్తిగా తీసి, గోడలు రుద్ది కడిగి, క్లోరిన్ నీళ్లతో ఒకసారి నడిపి పారబోసి, ఆ తర్వాతే జనాన్ని రానివ్వాలి.

ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి

ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ వెర్సాయ్ తోటల్లో వందల ఫౌంటెన్లు పెట్టించాడు. సేన్ నది నుంచి నీళ్లు ఎత్తడానికి మార్లీ దగ్గర 1684లో పెద్ద యంత్రమే కట్టించాడు. అయినా అన్నీ ఒకేసారి నడపడానికి నీళ్లు చాలలేదు. రాజు ఏ దారిన నడిస్తే ఆ దారిలో పనివాళ్లు ఈల వేసి ముందున్నవాళ్లకు సైగ చేసేవారు, ఆ ఫౌంటెన్ లేచేది. రాజు దాటిపోగానే ఆపేసేవారు. అంత సంపన్నుడికే రోజంతా నడపడం సాధ్యం కాలేదు. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ కింద, దివాను మీర్జా ఇస్మాయిల్ హయాంలో రూపుదిద్దుకున్న బృందావన్ గార్డెన్స్‌లో కూడా సంగీత ఫౌంటెన్ సాయంత్రం కాసేపే. మనుషులున్నప్పుడు నడపడం, లేనప్పుడు ఆపడం అన్న చిన్న క్రమశిక్షణతో నీళ్లూ కరెంటూ బాగా మిగులుతాయి. దోమల భయానికి మాత్రం రోజూ కాసేపైనా నీళ్లు కదలాలి.

కరువు ఏడాది పూర్తిగా ఆపేయాలి. అందులో వాదన లేదు. కానీ ఆపడానికి ఒక పద్ధతి ఉంది. తొట్టి ఖాళీ చేసి, ఆరబెట్టి, అడుగున వాననీరు నిలవకుండా కన్నం తెరిచి ఉంచాలి. మోటారును విప్పి కడిగి, రెండు వారాలకోసారి బకెట్టు నీళ్లలో పెట్టి నిమిషంపాటు తిప్పాలి. లేకపోతే పట్టేస్తుంది. "నీటి ఎద్దడి వల్ల ఆపినాం, వానలు పడ్డాక మొదలుపెడతాం" అని బోర్డు పెట్టాలి. బోర్డు లేని తొట్టిలో మూడో రోజుకే చిప్స్ ప్యాకెట్లు పడతాయి, మూడో నెలకు అది చెత్తకుండీ. హైదరాబాద్‌లో చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు కమాన్ల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్‌ది నాలుగు వందల ఏళ్లు దాటిన వయసు. నీళ్లు చిమ్మిన కాలాలూ, ఎండిన కాలాలూ రెండూ దానికి తెలుసు. మరమ్మతు చేసిన ప్రతిసారీ అది లేచింది. రాయి అంత గట్టిది. కావాల్సింది మరమ్మతుల మధ్య రోజుల్లో చూసే మనిషి.

డబ్బు గురించి ఒక్క మాట. సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన తిరుమణి రైతులు అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు అని ఒప్పందంలోనే రాయించుకున్నారు. ధరలు పెరుగుతాయని వాళ్లకు తెలుసు. ఫౌంటెన్ కట్టే సంఘాలు కట్టుబడి ఖర్చు మాత్రమే చందా వసూలు చేస్తాయి. నిర్వహణకు ఏడాదికి ఇంత, రెండేళ్లకోసారి ఇంత పెంపు అన్నది తీర్మానంలో ఉండదు. మీ సంఘం తీర్మానంలో ఆ ఒక్క వాక్యం చేర్పించండి. దాత పేరు చెక్కే రాయి మీద చూసుకునే మనిషి పేరుకూ చోటు ఇప్పించండి.

మీకు పార్కు లేకపోతే, ఉన్నది తిరుమణి లాంటి పల్లె బడి ఆవరణే అయితే, చిన్నదే మేలు. మీటరున్నర వెడల్పు తొట్టి, చిన్న సోలార్ పలక, దానికి సరిపడే చిన్న పంపు. ఎండ ఉన్నంతసేపు నీళ్లు జానెడు ఎత్తు లేస్తాయి. ఎండాకాలంలో రోజుకు ఆవిరయ్యేది 15 లీటర్ల చుట్టుపక్కల, ఒక క్యాను కూడా కాదు. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు అందులో పోయకూడదు, వానకాలం మిద్దె మీది నీళ్లు పట్టుకుని పోయొచ్చు. వారానికొక పిల్లవాడు లేదా పాప నీరుగంటి. పుస్తకంలో తేదీ, నీటిమట్టం, ఏం కడిగారో రాసి సంతకం. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఏడాది తిరిగేసరికి దాదాపు అందరికీ వంతు వస్తుంది. బాధ్యత గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ సంతకం నేర్పినంత నేర్పవు.

ఈ శుక్రవారం మీ దగ్గర్లోని పార్కుకు వెళ్లండి. ఫౌంటెన్ నడుస్తుంటే, చూసుకునే మనిషిని వెతికి పలకరించండి. "అన్నా, జల్లెడ ఎన్నాళ్లకోసారి కడుగుతారన్నా?" అని అడగండి. ఆయన పనిని గమనించిన మనిషి ఒకరున్నారని ఆయనకు తెలియాలి. ఆగిపోయి ఉంటే "ఫౌంటెన్ పనిచేయట్లేదు" అని ఫిర్యాదు రాయకండి, అలాంటి కాగితాలు ఫైల్లోనే ఉండిపోతాయి. తొట్టిలో ఎంత నీరు నిలిచింది, దోమ పిల్లలు ఉన్నాయా, నాజిల్ ఉందా ఊడిపోయిందా, మోటారు గదికి తాళం ఉందా అని చూసి, ఫొటో తీసి, తేదీ వేసి, ఏ పని ముందు జరగాలో రాసి ఇవ్వండి. రెండు వారాల తర్వాత అదే కాగితం నకలు పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఎవరూ దొరకకపోతే నిలిచిన నీళ్లు తోడి చెట్లకు పోయడానికి అనుమతి అడగండి, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆ పని మీరే చేయండి.